దారి కోడి పురిటి గది

మెయ్‌నోంగ్, జోంగ్ వారి ఇల్లు
1973 నవంబరు 18

షితాన్ కొండ మీద ఉండే ఫాన్ ఇంటి పెద్దబ్బాయి చాంగ్‌ఫాకి, నీ చెల్లెలి అత్తగారు మాన్‌మెయ్ చెప్పి రాయిస్తున్నది.

బాగున్నావా అని అడగను. బాగానే ఉండి ఉంటావు. బాగా లేనిది మేము.

నువ్వు పంపిన పెట్ట వెనక భాగం బయటికొచ్చింది. ఉన్నమాట ఉన్నట్టు రాయమంటే నీ చెల్లెలు కలం పట్టుకుని తల దించుకుంటోంది. రాయవే, సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, పంపినవాళ్లు. గుడ్డు పెట్టగానే లోపలి కండ మందార మొగ్గంత బయటికి వచ్చి వేలాడుతోంది. ఎర్రగా, తడిగా ఉంది. కాసేపటికి దానంతటది లోపలికి పోతుంది. మర్నాడు గుడ్డు పెడితే మళ్లీ వస్తుంది. నిన్నటి నుంచి లోపలికి పోవడం కూడా మానేసింది.

ఇది మామూలు కోడి అయితే కూర వండుకుని ఊరుకునేదాన్ని. ఇది దారి కోడి, కొత్త జంటకి దారి చూపించేది. పెళ్లయిన మూడో నాడు పిల్ల పుట్టింటికి వచ్చి వెళ్లేటప్పుడు, రెండింటి కాళ్లనీ ఒకే ఎర్రదారంతో కలిపి కట్టి పంపిన జంటలో పెట్ట. ముసలిదై దానంతటది పోయేదాకా కత్తి చూపించకూడదు. అది ఎలా ఉంటే కొత్త కాపురం అలా ఉంటుందంటారు. ఈ సంగతి నీకు నేను చెప్పాలా? వచ్చిన మర్నాడే అది గుడ్డు పెడితే ఆ గుడ్డు చేత్తో పట్టుకుని వీధంతా తిరిగి చూపించాను. ఇప్పుడు అదే వీధిలో మా పక్కింటి ఆయింగ్ నన్ను ఆపి ఏమందో తెలుసా? "వదినా, మీ దారి కోడికి దారి మూసుకోవడం లేదటగా!" అంది. అంతా నవ్వారు.

మా మామగారు పోయి నూరు రోజులు నిండకుండా పెళ్లి జరగాలి, లేకపోతే మూడేళ్లు ఆగాలి. ఆ హడావుడిలో కూడా నేను ఏ లోటూ చెయ్యలేదు. మీరు పంపాల్సినవి రెండే రెండు కోళ్లు. అందులో ఒకటి పాడైన సరుకు.

అయినా నా కూతుళ్లకి పురుళ్లప్పుడు ఎలా చేశానో దీనికీ అలాగే చేస్తున్నాను. నువ్వుల నూనెలో అల్లం వేయించి, బియ్యపు సారా పోసి మరిగించి, అది అన్నంలో కలిపి వేడివేడిగా పెడుతున్నాను. ఒక్క చుక్క చన్నీళ్లు తాకనివ్వలేదు. రోజూ సోయా, ఎండు రొయ్యలు కూడా. ఇంతకంటే ఎవరు చేస్తారు? దీనికి నీ జవాబు ఏమిటో రాయి.

జోంగ్ మాన్‌మెయ్

అన్నయ్యా, ఈ చివరి వరుసలు నావి. అత్తయ్యకి చదవడం రాదు కదా, సంతకం కింద రాస్తున్నాను. కండ వాచిపోయింది, అంచులు నల్లబడుతున్నాయి. కడుగుతానంటే అత్తయ్య కొట్టినంత పని చేస్తోంది. త్వరగా చెప్పు. యువేతావ్.


షితాన్
నవంబరు 22

జోంగ్ ఇంటి అత్తయ్యగారికి, చాంగ్‌ఫా నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం నిన్న చేరింది. టెలిగ్రాం ఇద్దామని పోస్టాఫీసు దాకా వెళ్లాను. గుమాస్తా ముందు ఆ మాటలు పైకి చెప్పలేక, ఉత్తరమే వేస్తున్నాను.

నేను తక్కువ మాట్లాడేవాణ్ని. కాని పాడైన సరుకు అన్న మాటకి జవాబు చెప్పక తప్పదు. పదకొండేళ్లుగా నా కోళ్ల గూటికి ఒక దినచర్య పుస్తకం రాస్తున్నాను. ఏ రోజు ఎన్ని గుడ్లు, ఏ పెట్ట పొదుగుకి కూర్చుంది, ఏది మేత ముట్టలేదు, వాన పడిందా లేదా, అన్నీ ఉంటాయి. ఒక్క రోజు తప్పలేదు. ఆ పుస్తకంలో ఈ రోగం ఒక్కసారి కూడా లేదు. కాబట్టి తప్పు కోడిది కాదు.

చెయ్యాల్సింది ఇది. చేతులు సబ్బుతో కడుక్కోండి. మీ పొగాకు చేలో పని చేసిన జిగురు చేతులతో ముట్టుకోవద్దు. కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ఆ కండని మెల్లగా కడగండి. లోపల గుడ్డు ఇరుక్కుందేమో వేలితో చూడండి. తరవాత పంచదార కొంచెం తడి చేసి కండ నిండా పట్టించి పావుగంట ఆగండి. పంచదార వాపులోని నీటిని లాగేస్తుంది, కండ చిన్నదవుతుంది. మళ్లీ కడిగి, వేలికి నూనె రాసుకుని నెమ్మదిగా లోపలికి తోసి కాసేపు అలాగే పట్టుకోండి. మళ్లీ వస్తే మళ్లీ తోయండి. విసుక్కోవద్దు.

పుంజునీ మిగతా కోళ్లనీ దూరంగా ఉంచండి. ఎర్రగా కనిపిస్తే పొడుస్తాయి. గుడ్లు ఆగిపోవాలి, అది ముఖ్యం. అందుకని చీకట్లో ఉంచి మేత తగ్గించండి. సోయా, రొయ్యలు, సారా ఆపండి. కాస్త పల్చని గంజి, ఆకుకూర చాలు.

మంచి మేత పెడుతున్నామని మీరు అనుకుంటున్నారు. మీరు పెట్టేది గుడ్డు మీద గుడ్డు పెట్టించే మేత. మానని గాయంలోంచి రోజూ గుడ్డు తీస్తున్నారు.

చాంగ్‌ఫా


మెయ్‌నోంగ్
నవంబరు 27

ఎరువుల సంచుల మీద అక్షరాలు చూసి చదువు నేర్చుకున్న కోళ్ల డాక్టరు గారికి, బడికి వెళ్లని ముసలిది రాయించేది.

నీ ఉత్తరం విన్నాను. నీ చెల్లెలు గొంతు తగ్గించి చదువుతుంటే గట్టిగా చదవమన్నాను. నలుగురు పిల్లల్ని కన్నాను, ముగ్గురు కూతుళ్లకి పురుళ్లు పోశాను. ఈడు దాటుతున్నా పెళ్లి చేసుకోని మగాడు నాకు పథ్యం చెబుతాడా? పచ్చి బాలింతకి చల్లార్చిన నీళ్లా? మేత తగ్గించి గంజి పొయ్యాలా? మా వీధిలో ఏ ఆడదాన్నయినా అడుగు, ఏమంటుందో. నెలరోజులు అల్లం సారా తాగకుండా లేచిన బాలింతకి ముసలితనంలో ఎముకల్లో గాలి ఈల వేస్తుంది. కోడి ఆడది కాదా?

పుంజుని దూరం పెట్టమన్నావు. జంట దారి కోళ్లని విడదీస్తే మొగుడూ పెళ్లాల్ని విడదీసినట్టే. ఏడాది తిరిగేదాకా ఎర్రదారం తెగకూడదు. ఆ దారం కట్టింది నువ్వే కదా, చేతులారా కట్టి ఇప్పుడు విప్పమంటావా? నేను విప్పలేదు.

మొన్న పుంజు దాన్ని పొడిచింది. నెత్తురు వచ్చింది. ఇప్పుడది వాకిట్లో ఎండలో మెడ ముడుచుకుని కూర్చుంది.

నా మాట విను. సంవత్సరాది లోపల ఈ పెట్ట చస్తే ఆ చావు మా ఇంట్లో జరగనివ్వను. దాన్ని గంపలో పెట్టి మీ కొండకి పంపేస్తాను. దాన్ని వెంటబెట్టుకుని వచ్చినదాన్ని కూడా పంపుతాను. మంచి పెట్ట దొరికాక దాన్నీ నీ చెల్లెల్నీ కలిపి పంపు. మా అబ్బాయి జిన్‌షుయిని అడిగాను, "అమ్మ ఇష్టం" అన్నాడు. ఇవి కోపంలో అన్న మాటలు కావు. రెండుసార్లు ఆలోచించే చెబుతున్నాను.

జోంగ్ మాన్‌మెయ్

అన్నయ్యా, నిజంగానే అంటోందో లేదో నాకు తెలియడం లేదు. ఆయన ఆ మాట నా వైపు చూడకుండా అన్నారు. నెల తిరిగేసరికి "ఏమైనా విశేషమా?" అని అత్తయ్య అడుగుతుంది, లేదని చెబితే వెళ్లి కోడి దగ్గర కూర్చుంటుంది. అది బతకాలి. ఎలాగైనా బతికించే దారి చెప్పు. యువేతావ్.


షితాన్
డిసెంబరు 1

జోంగ్ ఇంటి అత్తయ్యగారికి.

యువేతావ్, ఇందులో ఒక్క మాట కూడా దాటవేయకు. రాసింది రాసినట్టు వినిపించు.

అత్తయ్యగారూ, మా అమ్మ పోయినప్పుడు నా చెల్లెలికి మూడేళ్లు. దాన్ని వీపున కట్టుకుని మేత కోశాను. మీరు దాన్ని గంపలో కోడి పక్కన కూర్చోబెట్టి తిప్పి పంపుతామంటున్నారు. ఒక మనిషిని కోడితో కలిపి వాపసు చేసే ఆచారం ఏ ఊళ్లో ఉందో నాకు తెలియదు. మెయ్‌నోంగ్‌లో ఉంటే మెయ్‌నోంగ్ సిగ్గుపడాలి. "అమ్మ ఇష్టం" అన్న మీ అబ్బాయికి చెప్పండి, పెళ్లినాడు నా ముందు తల వంచి "జాగ్రత్తగా చూసుకుంటాను" అన్నది వాళ్ల అమ్మ కాదు, అతనే.

ఇక మీ పురిటి ఆచారం. నేను మగవాణ్ని, నిజమే. కాని మా ఊళ్లో పురిటిళ్లు చూడకుండా పెరగలేదు. బాలింతకి సారా ఒక్కటే ఇస్తారా? ముందు గది ఇస్తారు. కిటికీ మూస్తారు. తలుపుకి తెర కడతారు. నెల రోజులు గాలి తగలనివ్వరు, ఎండ పడనివ్వరు, బయటి మనిషిని అడుగు పెట్టనివ్వరు. మొగుణ్ని కూడా వేరే చోట పడుకోమంటారు. మరి మీరు ఈ బాలింతని ఏం చేశారు? వాకిట్లో ఎండలో కూర్చోబెట్టి, మొగుణ్ని పక్కనే కట్టేసి, వాడు పొడుస్తుంటే చూశారు. సారా పోశారు, గది ఇవ్వలేదు. ఆచారంలో మీకు నచ్చిన సగం పట్టుకుని నచ్చని సగం వదిలేశారు. పైగా నన్ను ఆచారం తెలియనివాడంటున్నారు. మీ సొంత కూతురు ఎండలో కూర్చుని ఉంటే పక్కింటి ఆయింగ్‌ని నవ్వనిచ్చేవారా?

కోడికి గది ఇవ్వండి. కొత్తజంట మంచం కిందే ఇవ్వండి, మొదటి రోజు వాటిని వదిలింది అక్కడే కదా. గంప బోర్లించి చుట్టూ గుడ్డ కప్పండి. దారం తొమ్మిది అడుగులు ఉంది, కొలిచి కట్టింది నేనే. పెట్ట మంచం కింద ఉంటుంది, దారం గడప మీదుగా బయటికి పోతుంది, పుంజు వసారాలో ఉంటుంది. జంట విడిపోదు, దారం తెగదు, ముక్కు అందదు.

నీళ్లు చల్లగా ఉండకూడదంటారు కదా, మాచిపత్రి వేసి బాగా మరిగించండి. బాలింత స్నానానికి అవే కదా వాడతారు. వాటిని వాటంతట అవే చల్లారనివ్వండి. మరిగిన నీళ్లు మరిగిన నీళ్లే. పంచదార పట్టించండి. లోపలికి తోయండి. మీ వల్ల కాకపోతే పక్కకి జరగండి, నా చెల్లెలు చేస్తుంది. దానికి నేను నేర్పాను.

పుంజు పొడిచిన చోట పసుపు నూనె రాయండి. నల్లబడిన భాగం రాలిపోతే భయపడకండి. దుర్వాసన వస్తే మాత్రం వెంటనే రాయండి.

చాంగ్‌ఫా


మెయ్‌నోంగ్, పోస్టాఫీసు బల్ల మీద
డిసెంబరు 12

అన్నయ్యకి.

పొగాకు నారుకి ఎరువు కొనడానికి బజారుకి వచ్చాను. ఈ ఉత్తరం నాది, ఎవరూ చెప్పి రాయించలేదు.

నీ ఉత్తరం మొత్తం చదివాను. నువ్వు చదవమన్నావని కొంత, నాకూ చదవాలనిపించి కొంత. "మెయ్‌నోంగ్ సిగ్గుపడాలి" దగ్గర నా గొంతు పెరిగింది. ఆయన తినే గిన్నె కింద పెట్టేశారు. అత్తయ్య అరుస్తుందని చూశాను. అరవలేదు.

"ఆ గది ముక్క మళ్లీ చదువు" అంది.

చదివాను.

"సారా పోసి గది ఇవ్వలేదట. నేను! నన్ను అంటాడా ఆ మాట! ఊళ్లో ఎవతె అయినా అననీ చూస్తాను!"

లేచి గొడ్లపాక దాకా వెళ్లి తిరిగొచ్చింది. వచ్చి నా మీద విరుచుకుపడింది. "ఏం చూస్తున్నావ్? పాత దుప్పటి పట్రా. కిటికీకి మేకు కొట్టు. జిన్‌షుయీ, నీ చెప్పులూ పెట్టెలూ మంచం కింద నుంచి తియ్యరా, బాలింత వస్తోంది!"

అన్నయ్యా, ఆ మధ్యాహ్నం మంచం కింద ఇద్దరం బోర్లా పడుకుని గుడ్డలు కడుతుంటే తనంతట తనే చెప్పింది. తన ముగ్గురు కూతుళ్లకీ నిండు నెల గది ఇచ్చిందట. తనకి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. మొదటి కాన్పు అయిన తొమ్మిదో రోజు వాళ్ల అత్తగారు తలుపు తీసి, పొగాకు ఆకు కుట్టే పని ఆగిపోయిందని లేపి తీసుకెళ్లిందట. సారా కాదు, అల్లం ముక్క కూడా నోట పెట్టలేదట. "అందుకే నా ఇంట్లో ఏ ఆడదానికీ సారా తక్కువ కానివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. కోడికయినా సరే" అంది. తరవాత "ఇది నీ అన్నకి రాయకు" అంది. రాస్తున్నాను.

కోడి సంగతి. మొదటి రోజు మూడుసార్లు తోశాం, మూడుసార్లూ బయటికి వచ్చింది. పంచదార పట్టిస్తే నిజంగానే చిన్నదయింది. రెండో రోజు నుంచి అత్తయ్యే చేస్తోంది. నాకంటే ఆవిడ చెయ్యి మెత్తగా ఉంది. వేలు పెట్టి కళ్లు మూసుకుని, పిల్లలకి చెప్పినట్టు "బిగపట్టకే తల్లీ, బిగపట్టకు" అంటుంది. అయిదో రోజు ఒక గుడ్డు వచ్చింది, మళ్లీ జారింది, ఆవిడ ఏడ్చినంత పని చేసింది. ఆ తరవాత గుడ్లు లేవు. నల్లబడిన అంచు ఎండి రాలిపోయింది. నాలుగు రోజులుగా లోపలే నిలిచింది. ఆయన రోజూ దారం చిక్కుపడకుండా సర్దుతున్నారు. ఒక్క పూటా మానలేదు.

ఇప్పుడు నేను అడగాల్సింది. నెల రోజులుగా రోజుకి పదిసార్లు "పుట్టింట్లోంచే పాడైన పెట్ట" అన్న మాట వింటున్నాను. నువ్వు ప్రతి ఉత్తరంలో కాదంటున్నావు. నువ్వు కాదన్న ప్రతిసారీ నేను చదువుతూ ఆగాను, అన్నయ్యా. ఆగస్టులో మన గూట్లో దీపం వెలగడం నేను చూశాను. వంటింటి బల్బు తీసి అక్కడ కట్టావు. చీకటి పడ్డా కోళ్లు మేస్తూనే ఉండేవి. ఎందుకని అడిగితే "నీ పెళ్లికి" అన్నావు. ఇక్కడ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మన ఇల్లే తప్పు చేసిందంటారు. చెప్పకపోతే తప్పు పెట్టది అంటారు, అది నోరులేనిది. నేను దాచిన తప్పు కూడా దాని మీదే పడుతోంది.

అది దీపం వల్లేనా? పుస్తకం చూసి నిజం చెప్పు. నాకు కాదు, ఆవిడకి చెప్పు.

యువేతావ్


షితాన్
డిసెంబరు 17

జోంగ్ ఇంటి అత్తయ్యగారికి, చాంగ్‌ఫా.

ఈ ఉత్తరం కూడా మొత్తం చదివించుకోండి. కింద ఉన్నవి నా దినచర్య పుస్తకంలోంచి ఎత్తి రాసినవి. ఒక్క అక్షరం మార్చలేదు.

ఆగస్టు 14. పెళ్లి అక్టోబరు 6న అని మెయ్‌నోంగ్ నుంచి కబురు. దారి కోడికి అనుకున్న ఎర్ర పెట్టకి మూడున్నర నెలలే. గూట్లో బల్బు కట్టాను. చీకటి పడ్డాక నాలుగు గంటలు.

ఆగస్టు 20. తవుడు తగ్గించి సోయా, ఎండు రొయ్యలు కలిపాను.

సెప్టెంబరు 24. తురాయి ఎర్రబడింది. ఒళ్లు మాత్రం ఇంకా పిల్లదే.

అక్టోబరు 3. మొదటి గుడ్డు. పెంకు మీద నెత్తురు చార. తుడిచాను.

అక్టోబరు 5. రెండో గుడ్డు. చార. తుడిచాను.

మా కొండ కోడి ఏడో నెలకి గాని గుడ్డుకి రాదు. దీని చేత అయిదో నెలలో పెట్టించాను. పగలు పొడుగైందని దీపంతో నమ్మించాను. ఎముకలు విడకుండానే గుడ్డు తయారైంది. గుడ్డుకి రాని పెట్టని పంపితే పిల్ల గొడ్డుదవుతుందని వీధి అంటుంది. ఆ మాట నా చెల్లెలి మీద పడకూడదనుకున్నాను. నెత్తురు చార కనపడినప్పుడే దాన్ని ఆపి వేరే పెట్టని పంపాల్సింది. ఆ రంగుది, ఆ ఈడుది ఇంకొకటి లేదు. తుడిచి పంపాను.

ఈ రోగం పుస్తకంలో ఒక్కసారి కూడా లేదని రాశాను. లేదన్నది నిజమే. ఏడేళ్ల కిందట ఒకటి, నాలుగేళ్ల కిందట ఒకటి, ఇలాగే జారిన పెట్టలు ఉన్నాయి. ఆ రెండు రోజుల్లోనూ పుస్తకంలో "వండాం" అని ఉంది. ఎందుకు వండామో రాయలేదు. రోజూ రాసే మనిషి అబద్ధం రాయనక్కర్లేదు, ఒక మాట రాయకుండా వదిలితే చాలు. పదకొండేళ్లు ఆ పుస్తకాన్ని చూసుకుని గర్వపడ్డాను.

ఇంత కోపంగా మీకు రాసింది ఎవరి మీదో ఇప్పుడు నాకే తెలుస్తోంది. పాడైన సరుకు అన్నారు, అది పాడైనది కాదు. బాగున్నదాన్ని నేను పాడుచేశాను. నా చెల్లెలికి ఇందులో ఏ సంబంధం లేదు. దీపం దగ్గర నిలబడి ఎందుకని అడిగింది, అంతే. దాన్ని ఆ కోడి పేరుతో ఒక్క మాట కూడా అనకండి. అనాలనిపిస్తే నన్ను అనండి. ఆయింగ్‌ని కూడా పిలిచి వినిపించండి.

అయితే కోడితో కలిపి మనిషిని తిప్పి పంపుతానన్న మాట మాత్రం ఇప్పటికీ సిగ్గుమాలిన మాటే. నా తప్పు ఒప్పుకున్నంత మాత్రాన అది మంచి మాట కాదు.

వసంతం వచ్చేదాకా దాని చేత గుడ్డు పెట్టించవద్దు. ఎప్పటికీ పెట్టకపోయినా పెట్టకపోవచ్చు.

చాంగ్‌ఫా


మెయ్‌నోంగ్
డిసెంబరు 28

చాంగ్‌ఫాకి, మాన్‌మెయ్ రాయించేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది.

నెత్తురు చార తుడిచి పంపుతావా? ఆ పెట్ట గుడ్డు పట్టుకుని వీధంతా తిరిగానే నేను! నా పరువు నీ గుడ్డపీలికలో తుడిచిపెట్టావు. నాలుగు గంటల దీపమట. నీ నెత్తి మీద నాలుగు గంటలు దీపం పెట్టి గుడ్డు పెట్టమంటే తెలుస్తుంది. నీ చెల్లెలు నవ్వుతోంది. నవ్వనీ, ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది.

ఆయింగ్‌కి వినిపించమన్నావు. వినిపించలేదు. ఇది రెండు ఇళ్ల సంగతి, ఆవిడకి సినిమా చూపించడానికి కాదు. అడిగింది, "వదినా, కోడి ఎలా ఉంది?" అని. "పురిటి గదిలో ఉంది, బయటివాళ్లని చూడనివ్వం" అన్నాను. వచ్చిన దారినే పోయింది.

ఇప్పుడు నీ పుస్తకం తియ్యి. నువ్వు రాసుకున్నది సగమే. మిగతా సగం కూడా రాయి. నవంబరులో ఏ తేదీ వేస్తావో నీ ఇష్టం. "మెయ్‌నోంగ్ ముసలిది గాయం మీద గాయంగా సారా పోసింది, సోయా పెట్టింది, పొడిచే పుంజుని పక్కన కట్టింది" అని రాయి. వదిలిపెట్టకుండా రాయి. పెళ్లి తేదీ పెట్టింది నేను. నూరు రోజుల లెక్క నాది. ముప్ఫయి రోజులు ముందుకి జరిపినప్పుడు అక్కడ కొండ మీద ఒక కోడికి ఇంకా ఈడు రాలేదని నాకెవరు చెప్పారు? నేను అడిగానా? అడగలేదు. అదీ రాయి.

ఇంకో సంగతి. ఇది చెప్పడానికి మూడు రోజులు పట్టింది. నువ్వు గూట్లో దీపం కట్టావని తిడుతూ తిడుతూ నా నోట్లోనే మాట ఆగిపోయింది. నీ చెల్లెలికి పంతొమ్మిదేళ్లు. వచ్చి మూడు నెలలు కాలేదు. నెల తిరిగేసరికి "ఏమైనా విశేషమా, విశేషమా" అని దాని మొహంలో దీపం పెడుతున్నది ఎవరు? నేను. ఇక అడగను. జిన్‌షుయికి కూడా చెప్పాను, మీ అమ్మ మళ్లీ అడిగితే గట్టిగా దగ్గమని. నిన్న వంటింట్లో నోరు తెరిచాను, వాడు దగ్గాడు. మంచి పిల్లాడే, ఎవరైనా చెబితే చేస్తాడు.

తిప్పి పంపుతానన్న మాట వెనక్కి తీసుకోమన్నావా? నువ్వు అడగలేదు, సిగ్గుమాలినదని అన్నావు. సరే, సిగ్గుమాలినదే. అది మా అత్తగారి మాట, నా నోట్లో ఉండిపోయింది. నేను వచ్చిన కొత్తలో నన్ను అలాగే అనేది. ఇక ఈ ఇంట్లో ఎవరూ అనరు.

కోడికి నెల నిండడానికి ఇంకా వారం ఉంది. గుడ్డు పెడితే పెడుతుంది, లేకపోతే లేదు. దారి చూపించడానికి వచ్చింది, గుడ్లు ఎంచి ఇవ్వడానికి కాదు.

చివరి మాట. ప్రతి ఉత్తరంలోనూ నా సంతకం కింద నీ చెల్లెలు దొంగచాటుగా రెండు వరుసలు రాస్తుందని నాకు తెలుసు. చదవడం రాదు గాని చూడటం వచ్చు. నేను ఆగిన చోట కలం ఆగదు. మొదటి ఉత్తరం నాడే చూశాను. అప్పుడే ఆపేదాన్నే, కాని ఆ వయసులో రాసుకోవడానికి నాకు అక్షరాలు లేవు, అన్నయ్యా లేడు. రాసుకోనీ అనుకున్నాను. ఈసారి నేనే కింద చోటు వదలమన్నాను. వదిలింది.

జోంగ్ మాన్‌మెయ్

అన్నయ్యా, అత్తయ్య పక్కనే కూర్చుంది, లేచి వెళ్లలేదు. కోడి మంచం కింద రెక్కలు వదిలేసి పడుకుంది. వసారాలోంచి పుంజు దారం లాగింది, ఇది కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. నేను ఇక్కడ బాగున్నాను. మొదటిసారి ఈ మాట ఆలోచించి రాస్తున్నాను.

"ఏం రాశావ్?" అని అత్తయ్య అడిగింది. అంతా చదివి వినిపించాను. తరవాత "సరే, అంటించు" అంది.

యువేతావ్